మేత బీళ్లలో కలుపు మొక్కలు



పంటచేనిలోని కలుపును గురించి మన రైతులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. వరిమడిలో ఊద కనబడినచో ఆ వారములోనే కూలీలను పిలిచి తీయింతురు. వేరుశనగ సాళ్లలో కలుపు మొలిచినచో గుంటక తోలుదురు. కాని అదే రైతు తన పశువులు మేయు బీడులో ఏ మొక్క పెరుగుచున్నదో, ఏ మొక్క తరుగుచున్నదో సాధారణముగా చూడడు. బీడు దానంతట అదే పెరుగును, పశువులు తమకు కావలసినది ఏరుకొని తినును అని మన నమ్మకము. ఈ నమ్మకములో కొంత నిజము ఉన్నది. ఆ కొంత నిజమే మనలను మోసపుచ్చుచున్నది.

పశువు నిజముగానే ఏరుకొని తినును. చేదుగా ఉన్నదానిని, ఘాటు వాసన గలదానిని వదలి మెత్తని గడ్డిని అందుకొనును. అందుచేతనే బీడులో మంచి గడ్డి తరిగిపోయి, తినరాని మొక్క పెరిగిపోవును. పదేండ్లు ఇట్లు జరిగినచో, దూరమునుండి పచ్చగా కనబడు బీడులో పశువునకు పిడికెడు మేత దొరకదు. అప్పుడు రైతు మేల్కొని కొడవలియో, మందు డబ్బాయో చేతబట్టును. నేను నేడు ముఖ్యముగా చెప్పదలచినది ఆ సమయమును గురించియే. కలుపు తీయుట మంచి పని. కాని తీయు తీరు తెలియనిచో, ఏండ్ల తరబడి నిలిచియున్న కలుపు చేయని కీడును నరికిన కలుపు మూడు దినములలో చేయును.

నేను పశువైద్యుడుగా పనిచేయుచుండిన కాలములో, చిత్తూరు సీమలోని ఒక కొండదాపు పల్లెనుండి ఒక పెద్దాయన కబురు పంపినాడు. ఆయనకు కొండవాలున మూడెకరముల బీడు కలదు. అందులో సగము పులికంప క్రమ్ముకొని యుండెను. పులికంప అనగా పసుపు, ఎరుపు, గులాబి రంగుల చిన్న చిన్న పూల గుత్తులు పూయు ముండ్ల పొద. దీనినే లాంటానా అనియు, కొన్ని చోట్ల తలంబ్రాల మొక్క అనియు అందురు. వానలు ఆలస్యమైన ఆ యేడు, తీరిక దొరికినదని ఆయన నలుగురు కూలీలను పెట్టి పొదలన్నింటిని నరికించినాడు. నరికిన కొమ్మలు అక్కడక్కడ పడియుండగనే, ఆ సాయంకాలమే పశువులను అందులోనికి తోలినాడు. పొదల మరుగున ఇన్నాళ్లు దాగియున్న గడ్డి వాటికి దక్కునని ఆయన ఆశ.

మూడవ నాటికి, సంతలో క్రొత్తగా కొన్న సంకరజాతి పెయ్య మేత మానినది. నెమరు లేదు. పేడ గట్టిపడినది. ఎండలో నిలువలేక గోడనీడకు పోయి నిలుచుండెను. నేను పోయి చూచునప్పటికి కన్నులు, చిగుళ్లు పసుపుపచ్చగా ఉన్నవి. ముట్టె మీదను, ఒంటిమీది తెల్లని మచ్చలలోను చర్మము పగిలి రసి కారుచున్నది. "అయ్యా, ఆ కంప నా చిన్నప్పటినుంచి ఉండాది. ఏనాడూ ఒక్క గొడ్డు దానికి మూతి పెట్టలేదు" అని ఆయన పదే పదే అనినాడు. ఆయన చెప్పినది అబద్ధము కాదు. తక్కిన ఆవులు రెండును కోలుకొన్నవి. పెయ్య దక్కలేదు.

ఎందుచేత ఇట్లు జరిగినది? మూడు కారణములు కలిసినవి. మొదటిది ఆకలి. "ఆకలి రుచి యెరుగదు" అన్న సామెత మనుష్యులకు మాత్రమే వర్తించునది కాదు. రెండవది క్రొత్తదనము. ఒక నేలలో పుట్టి పెరిగిన పశువు అనుభవము వలన కొన్ని మొక్కలను మానును. సంతనుండి వచ్చిన పశువునకు ఆ యెరుక ఉండదు. మూడవది నరుకుట. నిలిచియున్న పొదను పశువు దూరమునుండియే గుర్తించి తొలగిపోవును. నరికిన పిమ్మట ఆకు రాలి గడ్డిలో కలిసిపోవును. ఏరుకొనుట కష్టమగును. వాడిన ఆకులో పచ్చి ఆకునకు ఉన్న ఘాటు తగ్గును. ఘాటు తగ్గును గాని విషము తగ్గదు. పులికంప ఆకు ఎండినను దాని విషము దానిలోనే ఉండును.

ఆ విషము పనిచేయు విధము కూడ తెలిసికొనదగినది. అది కాలేయమును దెబ్బతీసి, పైత్యరసము ప్రేగులలోనికి పోకుండ ఆపును. పచ్చిమేతలోని ఆకుపచ్చ పదార్థము కడుపులో జీర్ణమగునపుడు పుట్టు ఒక పదార్థము మామూలుగా పైత్యరసముతో కలిసి బయటికి పోవలెను. ఆ దారి మూసికొనిపోవుటచే అది రక్తములో చేరి చర్మము వరకు వచ్చును. అచట ఎండ తగిలినంతనే చర్మము కాలినట్లగును. నల్లని చర్మము కొంత తట్టుకొనును. తెల్లని మచ్చలలో పుండ్లు పడును. ఆ పెయ్య నీడను వెదకుకొన్నది ఇందువలననే. పచ్చిమేత మేసిన పశువు ఎండకు ఓర్వలేకపోవుచున్నదనిన, ముందుగా బీడువైపు చూడవలెను.

మన బీళ్లలో ఎక్కువగా కనబడు మరి రెండు మొక్కలను గురించి చెప్పెదను. మొదటిది వయ్యారిభామ. దీనినే కాంగ్రెసు గడ్డి అందురు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి వచ్చిన మొక్క ఇది. 1955లో పూనాలో దీనిని గుర్తించినారు. దిగుమతియైన ధాన్యముతో వచ్చినదని విస్తారముగా చెప్పుకొందురు. ఆనాటినుండి ఇది రైలు కట్టల వెంట, రోడ్ల వెంట, కాలువగట్ల వెంట దేశమంతటను ప్రాకినది. మొలచిన నాలుగైదు వారములకే పూతకు వచ్చును. బాగుగా పెరిగిన ఒక్కొక్క మొక్క పదివేలకు పైగా విత్తనములను రాల్చును. ఆ విత్తనము గాలికి, నీటికి, బండిచక్రమునకు, పశువు గిట్టకు అంటుకొని పోవును. దీని స్పర్శవలన మనుష్యులకు చర్మమున దురద, పుండ్లు కలుగును. పుప్పొడి వలన తుమ్ములు, ఉబ్బసము వచ్చును. పశువులు మామూలుగా దీనిని ముట్టవు. గత్యంతరము లేక తినినప్పుడు నోటిలోను చర్మముమీదను పుండ్లు పడును, పాలు చేదగును. ఇన్నింటికంటె పెద్ద నష్టము గడ్డికే. ఇది క్రమ్ముకొన్నచోట గడ్డి లేవదు.

రెండవది గిలిగిచ్చ జాతి. పచ్చని పూలు పూచి, కాయలు ఎండిన తరువాత గిలక్కాయలవలె మ్రోగును కనుక పిల్లలకు కూడ ఇది తెలిసినదే. ఈ జాతిలోని కొన్ని మొక్కలలో కాలేయమును మెల్లమెల్లగా చెరచు విషము గలదు. పశువు నేడు తినినచో రేపు పడిపోదు. వారములకో, నెలలకో జబ్బు బయటపడును. అప్పటికి ఏమి తినినదో ఎవరికిని జ్ఞాపకముండదు. గొఱ్ఱెలు, మేకలు దీనిని కొంత వరకు తట్టుకొనగలవు. గుర్రము తట్టుకొనలేదు. ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతములో ఈ జాతి మొక్కలను మేసిన గుర్రములు దిక్కు తెలియక, అడ్డు వచ్చినదానిని గుద్దుకొనుచు, నడచుచునే పోయి మరణించెడివి. అచ్చటివారు ఆ జబ్బునకు ఆ ప్రాంతపు పేరే పెట్టినారు.

ఇంగ్లండులో రాగ్‌వర్ట్ అను పసుపు పూల మొక్కయందును ఇదే తరగతి విషము కలదు. పచ్చిగా నిలిచియున్నంత కాలము గుర్రము దానిని వదలివేయును. కోసి ఎండుగడ్డిలో కలిసినచో గుర్తింపక తినివేయును. అచ్చటి 1959 నాటి కలుపు చట్టము ఈ మొక్కను హానికరమైన కలుపు మొక్కలలో చేర్చినది. 2003లో దీనికొరకే వేరొక చట్టమును చేసినారు. మన నేల వేరు, మొక్క వేరు అయినను, పాఠము ఒక్కటే. కోసిన కలుపు నిలిచిన కలుపుకంటె ప్రమాదకరము.

జట్కాబండ్ల కాలము పోయినదే గాని గుర్రములు పోలేదు. పెండ్లి ఊరేగింపులకు, స్వారీ నేర్పుటకు వానిని పెంచువారు మన పట్టణముల శివారులలో ఉన్నారు. వీరిలో పలువురు గుర్రమును ఖాళీ స్థలములో పొడుగు పగ్గము వేసి కట్టుదురు. ఆ స్థలములలో మొలచునది ఎక్కువ భాగము కలుపే. గుర్రము తినినదానిని వాంతి చేసికొనలేదు. పగ్గము పొడవులో గడ్డి అయిపోయిన పిమ్మట మిగిలినదే దానికి మేత. కనుక గుర్రమును కట్టుటకు ముందు ఆ చుట్టుకొలతలో ఏమి మొలచియున్నదో కన్నులార చూడుడు.

ఇక కలుపును తీయు పద్ధతి. దీనికి ఒక వరుస కలదు. మొదట పశువులను బీడునుండి తప్పింపవలెను. పిమ్మట కలుపు తీయవలెను. తీసినదానిని బీడునుండి తొలగింపవలెను. చివరకు పశువులను, అదియును కడుపునిండ చొప్ప వేసిన తరువాత, లోనికి విడువవలెను. ఈ వరుస తప్పుటవలననే అనర్థములు జరుగుచున్నవి.

వయ్యారిభామను పూతకు ముందు, తొలకరి వానకు నేల నానియున్నపుడు, వేరుతో పెరుకుట ఉత్తమము. మృగశిర, ఆరుద్ర కార్తెలలో వర్షము పడినచో అదే అదను. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న మాట ఇక్కడ అక్షరాల సత్యము. పూచిన తరువాత పెరికినచో మనమే విత్తనము చల్లినవారమగుదుము. చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ, ఒంటినిండ బట్ట ఉండవలెను. ఉబ్బసము, చర్మవ్యాధులు గలవారు ఈ పనికి పోరాదు. పూతకు రాని మొక్కలను గుంటలో వేసి ఎరువుగా మార్చవచ్చును.

పులికంపను నేలకు సమముగా నరికినచో మరింత గుబురుగా చిగురించును. నిప్పు పెట్టినను అంతే. కాండము వేరుతో కలియు చోటును, నేలకు ఒకటి రెండు అంగుళముల లోపల గునపముతో తెగగొట్టి, మోడును తలక్రిందులుగా వేయవలెను. అప్పుడు తిరిగి చిగురించుట అరుదు. కొమ్మలను, రాలిన ఆకును ప్రోగుచేసి, పశువు మూతి అందని చోటికి చేర్చవలెను. కంచెకు కట్టుట, కొట్టము ప్రక్కన వేయుట కూడదు.

వయ్యారిభామకు ఒక సహజ శత్రువు ఉన్నది. మెక్సికో దేశపు పెంకు పురుగు ఒకటి దాని ఆకును తిని బ్రతుకును. 1983లో దానిని బెంగుళూరునకు తెప్పించి, పరీక్షించి, 1984లో విడుదల చేసినారు. వానాకాలములో అది మొక్కలను మోడు చేయగలదు. ఎండాకాలములో నేలలో దాగియుండును. ఒక్క యేటిలో కలుపు నశించునని ఆశింపరాదు గాని, పశువునకు, మనుష్యునకు ఎట్టి హానియు లేని సహాయము ఇది. జబల్పూరులోని కలుపు పరిశోధన సంస్థ ఏటేట ఆగస్టు 16 నుండి 22 వరకు వయ్యారిభామ నిర్మూలన వారమును జరుపును. ఆ వారము మనకు పునర్వసు, పుష్యమి కార్తెలు దాటిన సమయము. పూచిన మొక్కలు అప్పటికే ఉండును. కనుక మన ఊరి పని అంతకు ముందే మొదలుపెట్టుట మేలు.

ఇక కలుపు మందులు. వీనిని తిట్టనక్కరలేదు, గ్రుడ్డిగా నమ్మనక్కరలేదు. 2,4-డి వంటివి వెడల్పాకు మొక్కలను చంపి గడ్డిని విడుచును. గ్లైఫోసేట్ వంటివి గడ్డిని కూడ చంపును. కనుక బీడుమీద మొత్తముగా కొట్టినచో కలుపుతోపాటు మేతయు పోవును. పారాక్వాట్ మనిషి కడుపులోనికి పోయినచో విరుగుడు లేని విషము. ఏ మందైనను డబ్బామీది చీటీని చదివి, లేదా చదివించుకొని కొట్టుడు. పశువులు మేయు నేలకు వాడవచ్చునని చీటీలో లేనిచో వాడవలదు. కొట్టిన తరువాత ఎన్ని దినములు పశువులను తోలరాదో చీటీలో ఉండును. పాడిపశువులకు, కోతకు పంపు జీవములకు ఆ గడువు వేరుగా ఉండవచ్చును.

ఆ గడువు గడచినంతనే భయము తీరినదని అనుకొనరాదు. గడువు మందును గురించినది. మొక్కను గురించినది కాదు. 2,4-డి తగిలిన కొన్ని మొక్కలలో, అవి చనిపోవుటకు ముందు, తీపి హెచ్చును. ఏండ్ల తరబడి ముట్టని మొక్కను పశువు అప్పుడు రుచి చూచును. విషపు మొక్కలపై మందు కొట్టినచో, అవి పూర్తిగా ఎండి, ఏరి పారవేసిన తరువాతనే బీడు తెరువవలెను. గాలి వీచునపుడు మందు కొట్టరాదు. ప్రక్కన ప్రత్తి చేను ఉన్నచో 2,4-డి తుంపర సోకినను ఆకులు ముడుచుకొని పంట దెబ్బతినును. పిచికారీ కడిగిన నీటిని చెరువులో గాని, పశువుల తొట్టి వద్ద గాని పోయరాదు. ఖాళీ డబ్బాను నీళ్లకు, దాణాకు వాడరాదు.

వయ్యారిభామపై ఉప్పునీరు చల్లు పద్ధతి కూడ ప్రచారములో ఉన్నది. రోడ్డు ప్రక్కన, పునాదుల వద్ద అది పనికివచ్చును. మేత బీడులో పనికిరాదు. ఉప్పు నేలలో చేరి గడ్డిని చెరచును. పైగా ఉప్పనిన పశువునకు ప్రీతి. తినరాని ఆకునకు మనమే రుచి కల్పించినట్లగును.

ఇంతవరకు చెప్పినదంతయు కలుపును తీయుటను గురించి. తీసిన చోట ఏమి మొలచును అన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. బోసిగా విడిచిన నేలలో మరల కలుపే మొలచును. దట్టమైన గడ్డిని మించిన కలుపు మందు లేదు. కలుపు తీసిన వెంటనే, తేమ ఉండగనే, అంజన్ గడ్డి విత్తనమును, దానితో స్టైలో విత్తనమును కలిపి చల్లుడు. స్టైలో చిక్కుడు జాతికి చెందినది. మెట్టనేలలో, తక్కువ వానకు పెరుగును. అనంతపురం జిల్లా రైతులు దీని విత్తనమును పండించుటలో పేరుపొందినారు. చల్లిన మొదటి యేడు పశువులను తోలక, గడ్డిని కోసి వేసినచో వేరు నిలద్రొక్కుకొనును.

తరువాత బీడును మూడు నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగమున వంతులవారీగా మేపుడు. గడ్డి నేలమట్టమగువరకు మేపినచో వేరు బలము తగ్గి కలుపునకు చోటు దొరకును. ఒకే జాతి పశువును మేపుటకంటె కలిపి మేపుట మంచిది. ఆవు నాలుకతో చుట్టి కోయును. గుర్రము పండ్లతో నేలబారుగా కొరుకును. గొఱ్ఱె గడ్డితోపాటు చిన్న ఆకు మొక్కలను కూడ తినును. మేక పొద చిగుళ్లను ఇష్టపడును. ఒకటి వదలినదానిని మరియొకటి తినుటచే బీడు సమముగా ఉండును. అయితే ఇది విషము లేని కలుపు విషయములోనే. మేక ఏదైనను అరిగించుకొనునని పులికంపలోనికి, లొట్టపీసులోనికి తోలరాదు. ఆ రెండును మేకకు కూడ విషమే.

క్రొత్తగా కొన్న పశువును నాలుగైదు దినములు కొట్టములోనే కట్టి మేపుడు. దాని కడుపులోని పరాయి విత్తనములు అక్కడే పడిపోవును. దానికి కడుపు నిండియుండుటయు అలవాటగును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒక్కొక్కప్పుడు ప్రమాదము జరుగవచ్చును. పశువు మేత మాని, నెమరు నిలిపి, పేడ గట్టిపడి, కన్నులు పచ్చబడినచో, లేక ఎండకు ఓర్వలేకపోయినచో, వెంటనే నీడకు చేర్చుడు. పచ్చిమేత ఆపుడు. నీరు దగ్గర పెట్టుడు. నీరసించిన పశువు గొంతులో నూనెలు, కషాయములు బలవంతముగా పోయవలదు. అవి ఊపిరితిత్తులలోనికి దిగును. వైద్యుడు వచ్చునప్పటికి, బీడులో అది మేసిన చోటినుండి అనుమానము గల మొక్కల కొమ్మలను కోసి సిద్ధముగా ఉంచుడు. పులికంప విషము కడుపులోనున్న మేతనుండి దినముల తరబడి రక్తములోనికి ఎక్కుచునే యుండును. బొగ్గు మందు వేసి దానిని కడుపులోనే పట్టియుంచుటకు వీలున్నది. ఆలస్యమైన కొలది ఆ వీలు తగ్గును. ఆ పల్లెలో నన్ను మొదటి దినముననే పిలిచియున్నచో పెయ్య దక్కియుండెడిదేమో యని నేను ఇప్పటికిని అనుకొందును.

ఆ పెద్దాయన మరుసటి యేడు నాకు కనబడినాడు. నరికిన కంపనంతటిని బండ్లకెత్తి బయటికి తోలించినాడట. చిగిర్చిన మోళ్లను వాన పడినప్పుడెల్ల గునపముతో త్రవ్వించినాడట. ఖాళీ అయిన నేలలో గడ్డి విత్తనము చల్లి, ఆ యేడంతయు పశువులను అటు పోనీయలేదట. "గడ్డి లేచినాకనే తోలినా అయ్యా. అది కూడా ముందు కడుపునిండా చొప్ప వేసి" అనినాడు. నేను ఇంతసేపు చెప్పినది ఆయన ఆ రెండు మాటలలో చెప్పినాడు. మీ ఊరి బీడునకు పోయి, ఈ వారములోనే ఒకసారి, పశువు కన్నుతో చూచి రండు. ఏది గడ్డియో, ఏది కలుపో గుర్తించి, తోలుటకు ముందు ఏమి తొలగింపవలెనో నిర్ణయించుకొనుడు.